వెనకబడిన పిల్లల గంటను సిలబస్‌కు ఇవ్వొద్దు



సర్కారు బడి పిల్లలకు చదవడం రావడం లేదని వార్త వచ్చిన ప్రతిసారీ నింద టీచర్ల మీద పడుతుంది. ఆ వెనకే ఇంకో శిక్షణ, ఇంకో వర్క్‌బుక్ వస్తాయి. అసలు కొరత శిక్షణది కాదు, సమయానిది. చదువులో వెనకబడిన పిల్లల కోసం పెట్టిన గంటను సిలబస్ మింగేస్తోంది. ఆ గంటను కాపాడనిదే ఏ పథకమూ నిలవదు.

అసర్ 2024 సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 48.8 శాతం, భాగహారం చేయగలిగినవారు 30.7 శాతం. మిగతావాళ్లకు ఏమీ రాదని కాదు. గుణింతాలు వచ్చిన పిల్ల ఒత్తుల దగ్గర ఆగిపోతుంది. 42లోంచి 17 తీసేయమంటే, పక్క స్థానం నుంచి పది తెచ్చుకోవడం తెలియక, 7లోంచి 2 తీసి జవాబు 35 వేస్తుంది. పుల్లల కట్ట విప్పి పదిని ఒకట్లుగా చూపిస్తే ఆ చిక్కు విడిపోతుంది. కానీ ఆ రోజు పాఠం భిన్నాలు!

బీహార్‌లో 2008 వేసవిలో ప్రథమ్ సంస్థ తోడ్పాటుతో ప్రభుత్వ టీచర్లే శిబిరాలు నడిపితే పిల్లల చదువు మెరుగుపడింది. బడులు తెరిచాక శిక్షణ, పుస్తకాలు ఇచ్చి ఊరుకున్నచోట మార్పు రాలేదు. ఆ తర్వాత హర్యానాలో రోజూ ఒక గంట విడిగా కేటాయించి, మూడు నుంచి అయిదు తరగతుల పిల్లలను స్థాయిని బట్టి కూర్చోబెట్టారు. అధికారులు బడికి వచ్చి అది జరుగుతోందా లేదా చూశారు. హిందీ చదవడం మెరుగైంది. ఈ ప్రయోగాల ఫలితాలను పరిశోధించిన వారిలో ఉన్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలకు 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పేందుకు తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం ఉద్దేశం మంచిదే. దానికి ఈ గంట కచ్చితంగా దక్కాలి. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప టీచర్లకు బోధనేతర పనులు చెప్పరాదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. యాప్‌లో ఫొటోలు ఎక్కించే పని కూడా కనీసం ఆ గంటలో ఉండకూడదు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒక్కరే అన్ని గుంపులనూ చూడలేరు కాబట్టి అక్కడ విద్యా వాలంటీర్‌ను ఇవ్వాలి. ముంబై, వడోదర బడుల్లో బాలసఖిలుగా పనిచేసిన స్థానిక యువతులు ఈ పని చేసి చూపించారు.

స్థాయిని బట్టి విడదీస్తే పిల్లల మీద మొద్దు అన్న ముద్ర పడుతుందని కొందరి భయం. అది తోసిపుచ్చదగ్గది కాదు. అందుకే ఈ విభజన ఆ ఒక్క గంటకే ఉండాలి, కొన్ని వారాలకోసారి పరీక్షించి గుంపు మార్చాలి. అయినా, ఏమీ అర్థంకాని పాఠం ముందు రోజంతా నోరు మెదపకుండా కూర్చోవడం కంటే పెద్ద ముద్ర ఏముంటుంది?

బడికి వచ్చిన మండల విద్యాధికారి (ఎంఈఓ) మొదట అడిగేది ఎన్నో యూనిట్ నడుస్తోందనే. దానికి బదులు, ఈ నెల అక్షరాల గుంపు నుంచి పదాల గుంపులోకి ఎంతమంది వచ్చారని అడిగితే చాలు. పైనుంచి ఏది అడిగితే బడిలో అదే జరుగుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
జనగామ జిల్లా