బిడ్డ ఒక్కడే, ఫైళ్లే అయిదు

తమిళనాడు తేని జిల్లా చిన్నమనూరులో ఒక పేద ఇంటికి రావలసిన సర్కారు మనుషులకు కొదవ లేదు. అంగన్‌వాడీ టీచరు బిడ్డను తూకం వేస్తుంది, నర్సమ్మ సూది వేస్తుంది, హెడ్మాస్టరు హాజరు చూస్తారు, వీఏఓ (గ్రామ పరిపాలనాధికారి) ఆదాయ ధ్రువపత్రానికి విచారణ చేస్తారు. తేనిలో జిల్లా బాలల రక్షణ విభాగం ఉంది. ఒకరి రిజిస్టరు మరొకరి కంట పడదు. మన జబ్బంతా అక్కడే.

భర్త పోయిన ఒక తల్లి సంగతి చూడండి. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయం అడగవచ్చు. దానికి మరణ ధ్రువపత్రం కావాలి, ఆదాయ ధ్రువపత్రం కావాలి, బడి కాగితం కావాలి. అన్నీ ప్లాస్టిక్ కవరులో సర్దుకుని వెళ్తే, ఆధార్‌లో ఇనిషియల్ ఒకటి, రేషన్ కార్డులో ఇంకొకటి! ఉత్తమపాళెయం తాలూకా ఆఫీసుకు మళ్లీ తిరగాలి. ఆ రోజు కూలి గోవిందా. మన కంబం లోయలో ఎంతోమంది ఆడవాళ్లు తెల్లవారుజామునే జీపెక్కి ఇడుక్కి యాలకుల తోటలకు పోతారు. ఆఫీసు తెరిచే వేళకు వాళ్లు కొండ మీదుంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతియర్ దళిత వాడల్లో ఫారాల తమిళం అదనపు బరువు.

బిడ్డల్ని ఒక్కొక్కరిగా గమనించడం మనకు తెలియని విద్యేం కాదు. 1980లో ప్రపంచ బ్యాంకు సాయంతో తమిళనాడు సమగ్ర పోషకాహార ప్రాజెక్టు మొదలైంది మన పాత మదురై జిల్లాలోనే. తేని అప్పటికి వేరు పడలేదు. నెలనెలా తూచి, బరువు పెరగని బిడ్డకే ప్రత్యేకంగా ఆహారం పెట్టేవారు.

కొండకవతల కేరళ 2021లో ఇంకో అడుగు వేసింది. అత్యంత పేద కుటుంబాలను వెతికి, 64,006 ఇళ్లను గుర్తించి, ఇంటింటికీ విడిగా ప్రణాళిక రాసింది. ఒకరికి మందులు, ఒకరికి ఇల్లు, ఒకరికి వట్టి రేషన్ కార్డు. 2025 నవంబరు 1న అత్యంత పేదరికం పోయిందని ప్రకటించుకుంది. ఆ ప్రకటనను ఆర్థికవేత్తలు నిలదీశారు, నిలదీయాల్సిందే. అయినా ముందు ఇల్లు చూసి తర్వాత పథకం వెతికిన ఆ వరుస నాకు నచ్చింది.

మన దగ్గరా ఈ అయిదుగురూ ఒక బృందంగా కలవాలి. కానీ ఇక్కడ బృందం అనగానే కలెక్టరేట్‌లో పదకొండు గంటల మీటింగు, టీ, బిస్కెట్లు, మినిట్స్ పుస్తకం. అది వద్దు. నెలకొక సాయంత్రం ఏ వాడకు ఆ వాడ అంగన్‌వాడీలోనే అందరూ కూర్చోవాలి. ఒక్కో ఇంటికి జవాబు చెప్పే మనిషి ఒక్కరుండాలి. తాలూకా ఆఫీసు నుంచి వచ్చేవారికి అక్కడికక్కడే సంతకం పెట్టే అధికారం ఉండాలి. ఇక అంగన్‌వాడీ టీచరుకు ఆ సాయంత్రపు పనికి డబ్బివ్వండి, బస్సు ఛార్జీతో సహా. ఇంకో రిజిస్టరు మాత్రం అంటగట్టకండి.

— సురుళి