తెలియదని ఎవరితో చెప్పాలి?

ఉద్యోగం కోసం మనం ఎంతో ప్రార్థిస్తాం. ఉపవాసం ఉంటాం. వచ్చాక ఆదివారం సంఘం ముందు సాక్ష్యం చెప్పి కృతజ్ఞతార్పణ వేస్తాం. సోమవారం కుర్చీలో కూర్చున్నాక ఏం చేయాలో తెలియక చేతులు వణికిన సంగతి మాత్రం ఏ సాక్ష్యంలోనూ వినిపించదు.

వరంగల్‌లో మా సంఘ సహోదరి ఒకరికి భర్త మరణానంతరం కారుణ్య నియామకం కింద ఓ కార్యాలయంలో గుమస్తా ఉద్యోగం వచ్చింది. ఇంటర్ చదివి, పదిహేనేళ్లుగా ఇల్లే లోకమైన మనిషి. మొదటిరోజు ఆమె ముందు తపాలు కట్ట, ఒక రిజిస్టరు పెట్టి ‘చూసి నేర్చుకోండమ్మా’ అన్నారు. ఎవరిని చూడాలి? ఏ కాగితం ఏ సెక్షనుకు వెళ్లాలో తెలియనివన్నీ సొరుగులో పెట్టింది. నెల తిరిగేసరికి సొరుగు నిండింది. అడిగితే ‘భర్త పోతే వచ్చిన ఉద్యోగం కదా’ అంటారేమోనని భయం. ఉద్యోగం మానేస్తానని మా దగ్గరకు వచ్చి ఏడ్చింది. ఇద్దరు పిల్లల తల్లి.

మేము యాకోబు పత్రిక మొదటి అధ్యాయం తీసి, జ్ఞానం కొదువగా ఉన్నవారు దేవుణ్ని అడగాలన్న మాట చదివి, ప్రార్థించి పంపించాం. ఆ మాట శోధనల్లో ఉన్నవారికి రాసింది, రిజిస్టర్ల కోసం రాసింది కాదు. అయినా వాక్యాన్ని తప్పుగా వాడామని అనుకోము, నిండిన సొరుగూ శోధనే. మేము పొరబడింది మరోచోట. అడిగినవారిని దేవుడు కసురుకోడని అక్కడే ఉంది. మనిషి మనిషిని అడగడానికి జంకేది ఆ కసురుకే. కసరకుండా పని చెప్పగల ఒక్కరిని ఆమెకు చూపించాలని మాకు తోచలేదు.

ప్రత్యక్షగుడారం పని గుర్తు చేసుకోండి. ఐగుప్తులో ఇటుకలు చేసిన జనం ఇప్పుడు బంగారం సాగగొట్టాలి, వెండి దిమ్మలు పోతపోయాలి, సన్ననార నేయాలి. దేవుడు బెసలేలును ఆత్మతో నింపి నైపుణ్యం ఇచ్చాడని అందరం చెబుతాం. అతనికీ, అహోలీయాబుకూ ఇతరులకు నేర్పే బుద్ధిని కూడా ఇచ్చాడని నిర్గమకాండం 35:34 చెబుతోంది. దానిమీద ప్రసంగం విన్న గుర్తు మాకు లేదు. పని తెలియడం ఒక వరమైతే, తెలియనివాడికి చెప్పడం మరో వరం. మొదటిది ఉండి రెండోది దాచుకునేవారు మన ఆఫీసుల్లో ఎందరో! వారిలో ఆదివారం ముందు వరుసలో కూర్చునే మనమూ ఉన్నాం.

అపొల్లో సంగతీ అంతే. లేఖనాల్లో ప్రవీణుడు, మంచి వక్త. ఎఫెసులో అతని బోధలో కొరత విన్న అకుల, ప్రిస్కిల్లలు అతణ్ని చేర్చుకుని, మరింత వివరంగా చెప్పారు. వారు డేరాలు కుట్టుకునేవారు. అంతటి పండితుడు వారి మాట విన్నాడు.

పరీక్ష నెగ్గినవారికీ ఈ బాధ తప్పదు. తెలంగాణలో 2018లో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులకు ప్రకటన వచ్చింది. ఎంపికైనవారు 2019 ఏప్రిల్ నుంచి విధుల్లో చేరారు. పంచాయతీరాజ్ చట్టం మీద కూడా పరీక్ష రాసి నెగ్గిన పిల్లలు. ఊళ్లోకి వెళ్లాక ఇంటిపన్ను వసూలు, నర్సరీ, డంపింగ్ యార్డు, జనన మరణాల నమోదు, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. చట్టంలో సెక్షను తెలుసు. పన్ను కట్టనని మొండికేసిన పెద్దమనిషి గుమ్మం ముందు ఎలా నిలబడాలో ఏ పేపరులో ఉంటుంది? పక్క ఊరి పాత కార్యదర్శికి ఫోను చేయాల్సిందే.

మన సహోదరి చివరకు అడిగింది అధికారిని కాదు, అటెండరును. ఇరవై ఏళ్లుగా తపాలు మోసిన మనిషి. ఏ కాగితం ఎవరి బల్లమీద ఆగుతుందో ఆయనకు తెలుసు. మూడు రోజులు భోజన విరామంలో కూర్చుని సొరుగంతా ఖాళీ చేయించాడు. రెండు కాగితాలకు అప్పటికే గడువు దాటింది, మెమో తప్పలేదు. ఉద్యోగం మాత్రం నిలిచింది.

ఈ సంగతి విని మేము మా సంఘంలోని ఓ పెద్దాయన దగ్గరకు వెళ్లాం. ముప్పై ఏళ్లకు పైగా గుమస్తాగా, సూపరింటెండెంటుగా చేసి రిటైరైనవారు. ప్రతి ఆదివారం ఆ సహోదరికి రెండు వరుసల వెనకే కూర్చుంటారు. ఆరాధన అయ్యాక ఓ గంట కొత్తగా ఉద్యోగాల్లో చేరినవారికి కేటాయిస్తారా అని అడిగాం. కాసేపు మాట్లాడలేదు.

‘రిటైరై తొమ్మిదేళ్లయింది అయ్యగారూ. నాకేం తెలుసని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు’ అన్నారు.