పేరు పెట్టి తలచుకుందాం

తెలుగులో మనకు దక్కిన తొలి కావ్యం మొదట్లోనే ఒక కృతజ్ఞత ఉంది. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో మహాభారతాన్ని తెనిగించడానికి పూనుకున్న నన్నయ, తనకు తోడు నిలిచిన సహాధ్యాయి నారాయణభట్టును అవతారికలోనే పేరు పెట్టి తలచుకున్నాడు. భారత యుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు ఎలాగో తనకు ఆయన అలాగని రాశాడు. రాజరాజ నరేంద్రుడు ఆ నారాయణభట్టుకు నందంపూడి అగ్రహారం ఇచ్చినప్పుడు శాసనం రచించిందీ నన్నయే.

2020 లాక్‌డౌన్‌లో సభామందిరాలు మూతపడ్డాక మన కవి సమ్మేళనాలు జూమ్‌లోకి వచ్చాయి. హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ కూర్చున్నవాళ్లతో, డాలస్‌లో శనివారం రాత్రి భోజనాలు ముగించుకున్నవాళ్లు కలుస్తున్నారు. సంతోషమే. కానీ చాలాచోట్ల జరిగేది చదవడం, చాట్‌లో ‘అద్భుతం’ అనుకోవడం, చివరి రెండు నిమిషాల్లో వందన సమర్పణ. నన్నయలా పేరు పెట్టకుండా, అందరికీ కలిపి చెప్పిన ఆ ధన్యవాదాలు ఎవరికీ అందవు.

ఈమధ్య ఒక సమావేశం వేరుగా నడిచింది. మైకులన్నీ మ్యూట్‌లో పెట్టి, మీకు మేలు చేసిన ఒక్క మనిషి గురించి పావుగంటలో రాయండి అన్నారు. ఒకావిడ తన తల్లికి ఇన్సులిన్ ఇవ్వడం నేర్పిన కాంపౌండర్ గురించి రాశారు. పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి, సూది ఎలా దించాలో ఆయన ముందు తన ఒంటి మీదే చూపించాడట. అది విన్నాక, ‘ప్రకృతికి కృతజ్ఞతలు’ అని రాసుకున్న ఒకాయన తనది చదవనన్నారు. మళ్లీ రాసుకొస్తానన్నారు. నలుగురూ కలిసి రాయడంలో ఉన్న మేలు ఇదే. పక్కవాళ్ల నిజం మన అలవాటు మాటల్ని నిలదీస్తుంది.

వారం వారం తమకు కలిగిన మేళ్లు రాసుకున్నవాళ్లు, చిరాకులు రాసుకున్నవాళ్లకన్నా జీవితం పట్ల తృప్తిగా ఉన్నారని ఎమ్మన్స్, మెక్‌కలో అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు 2003లో చెప్పారు. కావచ్చు. అయితే కూలి ఎగ్గొట్టినవాడి మీద మండిపడుతూ వచ్చిన కవికీ ఆ పావుగంటలో చోటుండాలి. కృతజ్ఞత పేరు చెప్పి అతని నోరు నొక్కే సమావేశం మనకొద్దు.

నిర్వాహకులకు మా విన్నపం: వచ్చేసారి ముఖ్య అతిథి ప్రసంగాన్ని పావుగంట తగ్గించి, ఆ సమయాన్ని రాయడానికి ఇవ్వండి. కవులకు మరొకటి: ఆ పావుగంటలో రాసిన కవితను ప్రచురణకు పంపేముందు, ఎవరి గురించి రాశారో వారికి ఫోన్ చేసి చదివి వినిపించండి.