పరదేశసేవకు దరఖాస్తు

మన పాఠశాలలో చదువు ముగించిన పిల్లలలో కొందరు ప్రతి సంవత్సరము మా యొద్దకు వచ్చి, "అయ్యా, విదేశములకు పోయి సేవ చేయవలెనని మాకు కోరిక గలదు, దరఖాస్తు ఎట్లు పంపవలెను?" అని యడుగుచున్నారు. ఈ కోరిక మెచ్చదగినదే. అయినను దరఖాస్తును గూర్చి మనలో రెండు భ్రమలు వ్యాపించియున్నవి. ఎవరికో రుసుము చెల్లించినచో పని జరుగునని యొకటి. గొప్పమాటలు వ్రాసినచో చాలునని రెండవది. ఇవి రెండును తప్పులే. దరఖాస్తును సత్యముగా వ్రాయుటయే సేవలో మొదటి మెట్టని మా యభిప్రాయము.

ఐక్యరాజ్యసమితి స్వచ్ఛందసేవకుల సంస్థను ఉదాహరణముగా గైకొందము. దీనిని సమితి సర్వసభ్యసభ 1970 డిసెంబరు 7వ తేదీన స్థాపించెను. 1996 మొదలు దీని ప్రధానకార్యాలయము జర్మనీలోని బాన్ నగరమున నున్నది. 18 మొదలు 26 ఏండ్ల ప్రాయము గలవారు యువసేవకులుగను, 27 ఏండ్లు నిండి యొక పనిలో అనుభవము గడించినవారు నిపుణులుగను దరఖాస్తు చేసికొనవచ్చును. సేవకునకు జీతము లేదు. జీవనభృతి మాత్రమే యిత్తురు. అభ్యర్థి తన చదువును, అనుభవమును, తెలిసిన భాషలను ఇంటర్నెట్టులో నమోదు చేసికొని, ప్రకటింపబడిన పనులలో తనకు దగినదానిని కోరవలెను. అర్హుడని తోచినవారిని ఇంటర్వ్యూకు పిలుతురు. పిదప పూర్వము పనిచేసిన చోట విచారణ, వైద్యపరీక్ష, వీసా యనునవి గలవు. ఇందు ఏ మెట్టునను సంస్థవారు అభ్యర్థినుండి రుసుము గైకొనరు.

ఈ కడపటి మాటను తలిదండ్రులు మరువకుందురు గాక. మా పూర్వవిద్యార్థి యొకడు విదేశసేవ యిప్పింతునన్న దళారి మాట నమ్మెను. తండ్రి పొలము తాకట్టుపెట్టి సొమ్మిచ్చెను. తుదకు చేత మిగిలినది ముద్రలు వేసిన దొంగకాగితము మాత్రమే. ఆ బాలుడు యోగ్యతాపత్రము కొరకు మా యొద్దకు వచ్చినపుడు, "ఇది యెవరికి పంపుచున్నావు?" అని మేమొక్కమాట యడిగియుండిన ఆ పొలము దక్కియుండెడిది. ఆ లోపము మాది. అందుచేతనే యిది వ్రాయుచున్నాము.

ఇంకొక చిక్కు మన పేర్లలోనే యున్నది. పదవతరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు పొడియక్షరముగ నుండును. పాస్‌పోర్టులో అదియే పూర్తిగా నుండును. ఆధారు కార్డులో మరియొక విధముగ నుండును. మూడును ఒక్కనివే యని పరదేశపు అధికారికి తెలియుటెట్లు? కావున తలిదండ్రులు పిల్ల పాఠశాలలో నుండగనే యన్నిట పేరొక్కతీరున నుండునట్లు చూడవలెను. అట్లే ఆఫ్రికాలోను దక్షిణ అమెరికాలోను కొన్ని దేశములకు ఎల్లో ఫీవరు టీకా సర్టిఫికెట్టు లేనిదే ప్రవేశము లేదు. టీకా వేయించుకొనిన పది దినములకు గాని యది చెల్లదు. ప్రయాణపు ముందునాడు పరుగెత్తిన ప్రయోజనము లేదు.

ఇక వ్రాతను గూర్చి. "దీనులను ఉద్ధరింపగోరుచున్నాను" అని పలువురు వ్రాయుదురు. చదువువారు అడుగునది వేరు: నీకేమి చేతనగును? బోరు పంపు బాగుచేయగలవా? పసిబిడ్డను తూచి బరువు వ్రాయగలవా? ఒక సంఘపు జమాఖర్చులు తప్పులేకుండ వ్రాయగలవా? ఈ ప్రశ్నలు మనలను ఆపుటకు పుట్టినవి కావు. మన సేవ పొందవలసినవారిని కాపాడుటకు పుట్టినవి. నేర్వని పనిని నేర్చితినని వ్రాసి పోయినవాని తప్పునకు శిక్ష యనుభవించునది ఆ దూరపు పల్లెలోని తల్లియు బిడ్డయును గదా!

వయస్సు దాటిపోవునని తొందరపడువారు లిలియన్ కార్టరమ్మను దలచుకొనవలెను. ఆమె నర్సు పని నేర్చిన అమెరికా దేశస్థురాలు. 1966లో, 68వ యేట, ఆ దేశపు పీస్ కోరు పక్షమున బొంబాయి చేరువనున్న విఖ్రోలికి వచ్చి రోగులకు సేవ చేసెను. ఆమె కుమారుడు జిమ్మీ కార్టరు 1977లో ఆ దేశమునకు అధ్యక్షుడాయెను. ఆమెను విఖ్రోలిలో ఉపయోగపడునట్లు చేసినది తొందర గాదు, చేత నున్న విద్య.

"మన యూరిలో పనిలేదా, పరదేశమేల?" అని పెద్దలు కొందరనుచుందురు. ఈ మాటలో సత్యము గలదు గాని, అది పిల్లలను ఆపుటకు గాక నడిపించుటకు వాడదగినది. ఊరి ఆసుపత్రిలో, గ్రంథాలయములో, రాత్రిబడిలో రెండేండ్లు పనిచేసినవాడు దరఖాస్తులో వ్రాయుటకు మాటలు వెదకుకొననక్కరలేదు, చేసినదే వ్రాయును.

కావున విద్యార్థులారా, ముందు ఒక పని చక్కగ నేర్వుడు. దానిని ఇరుగుపొరుగువారికి చేసి చూపుడు. పిమ్మట మీ చేతితో మీరే దరఖాస్తు వ్రాయుడు. పంపుటకు ముందు మా యొద్దకు తెండు. ఈసారి అడుగవలసిన ప్రశ్నను మేము మరువము.