సీసా చల్లదనానికి పూచీ ఎవరిది?

మే నెల మిట్టమధ్యాహ్నం మా అత్తయ్యకి ఇన్సులిన్ కొనడానికి వెళ్ళాను. షాపతను ఫ్రిజ్‌లోంచి సీసా తీసి మామూలు ప్లాస్టిక్ కవర్లో వేసిచ్చాడు. "ఇలాగేనా?" అంటే, "పది నిమిషాల్లో ఇంటికెళ్ళిపోతారుగా మేడమ్" అన్నాడు. నిజమే, పది నిమిషాలకి ఏమీ కాదు. కానీ రాత్రి కరెంటు పోతే ఆ షాపు ఫ్రిజ్ గతేమిటి? అంతకుముందు ఏ వ్యానులో, ఎంత ఎండలో వచ్చిందో?

పోలియో చుక్కల సీసా మీద ఓ చిన్న గుర్తుంటుంది, చూశారా? వలయం మధ్యలో లేతరంగు చదరం. వేడి తగిలినకొద్దీ అది ముదురుతుంది. వలయం రంగుతో కలిసిపోతే ఆ సీసా పారేయాల్సిందే. 1996లో వచ్చిన ఏర్పాటు ఇది. 2015లో మొదలైన ఈవిన్ పథకంతో మన దేశంలో టీకాల నిల్వలనీ, ఫ్రిజ్‌ల ఉష్ణోగ్రతనీ ఫోన్ల ద్వారా కనిపెట్టి చూస్తున్నారు.

మనం డబ్బు పోసి కొనే ఇన్సులిన్ సీసా మీద అలాంటి గుర్తు లేదు. వేడికి దాని శక్తి తగ్గినా చాలాసార్లు కంటికి తెలియదు. షుగరు దిగకపోతే తిండి మీద అనుమానపడతాం, డాక్టరు డోసు పెంచుతారు. ఆ తర్వాత మంచి సీసా వస్తే, అదే డోసుకి షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. ప్రాణం మీదికొచ్చే సంగతి ఇది.

పోనీ మన ఇళ్ళలో? తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. చల్లగా ఉంటే మంచిదేగా అని ఫ్రీజర్లో పెడితే ఇంకా నష్టం. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. వాడుతున్న సీసాని 30 డిగ్రీలు దాటనిచోట, రకాన్నిబట్టి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచొచ్చు. ఫ్రిజ్ లేనివాళ్ళకి తడి ఇసుకలో నిలిపిన మట్టికుండ ఎంతో నయం. సీసాకి మాత్రం తడి తగలకూడదు.

మన జాగ్రత్త మనం పడతాం. మరి అమ్మేవాళ్ళ జాగ్రత్త? మందు గుణం చెడకుండా దాచే ఏర్పాటు ఉంటేనే షాపుకి లైసెన్సివ్వాలని 1945 నాటి నిబంధనలే చెబుతున్నాయి. తనిఖీకి వచ్చేవాళ్ళు ఫ్రిజ్ తలుపు తీసి చూడాలి. షాపులో థర్మామీటరూ, కరెంటు పోతే ఇన్వర్టరూ ఉన్నాయా అని మనమూ అడగాలి. కూరగాయలు గిల్లి చూసి కొనేవాళ్ళం, మందు దగ్గర మొహమాటమెందుకు?