రంగు మారితే ఆర్‌సీ మారొద్దా?

సంపాదకునికి,

పాత కారుకు చవకలో కొత్త రూపు కావాలంటే ఒళ్లంతా వినైల్ స్టిక్కర్ చుట్టించి, అద్దాలకు నల్ల ఫిల్మ్ వేయిస్తే సరిపోతుందని మీ వ్యాసంలో రాశారు. ఒప్పుకోను. కారు రంగు ఆర్‌సీలో ఉంటుంది. తెల్ల కారు నల్లదైతే రవాణా కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి. ఆ ఊసే లేదు. నల్ల ఫిల్మ్‌నైతే సుప్రీంకోర్టు 2012లోనే వద్దంది.

ఇక మా పల్నాడు ఎండకు ఆరుబయట నిలిపిన కారు మీద చవక స్టిక్కర్ అంచులు లేచిపోతాయి, జిగురు మొండికేస్తుంది. గతంలో రీపెయింట్ చేసిన తలుపైతే, స్టిక్కర్ పీకినప్పుడు దాంతోపాటే రంగూ పెచ్చులుగా ఊడొస్తుంది. డబ్బు తక్కువైతే గీతలు పడ్డచోట మాత్రం పుట్టీ, ప్రైమర్, రంగు, క్లియర్ కోటు వేయించి, మిగతా బాడీకి పాలిష్ పట్టించడం మేలు.

— ఒక పాఠకుడు, ఈపూరు, పల్నాడు జిల్లా