నీడ ఎవరి ఆస్తి? (బస్తీ ముచ్చట్లు – 17)



ఎండలు ముదిరితే చాలు, సర్కారు ప్రకటన వచ్చేస్తుంది: మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పిల్లల్ని బయటికి పంపకండి, ఇంట్లోనే ఉంచండి. మంచి మాటే. కానీ ఏ ఇంట్లో?

సికింద్రాబాద్‌లో అడ్డగుట్టకో, రసూల్‌పురాకో వచ్చి రేకుల కింద బతికేవాళ్ళను అడగండి. ఒంటిగంటకు నెత్తిమీద రేకు కాలిన పెనం. ఫ్యాన్ తిప్పేది ఆ వేడి గాలినే. తల్లి పొద్దున్నే అపార్ట్‌మెంట్లలో పాచిపనికి పోయింది. తండ్రి సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. ఆ బిడ్డ ఇంట్లో ఉంటే ఉడుకుతుంది, బయటికొస్తే మాడుతుంది. ఇక్కడ తల్లిదండ్రులకు తెలియనిదేముంది? లేనిదల్లా నీడే.

ఇంకో విడ్డూరం చూడండి. ఎండల నుంచి కాపాడటానికే ఒంటిపూట బడులు పెట్టారు. పొద్దున 8కి మొదలై మధ్యాహ్నం 12:30కి వదులుతారు. అంటే బయటికి రావద్దని చెప్పిన టైముకే పిల్లల్ని రోడ్డెక్కిస్తున్నాం. కారున్న ఇంటి పిల్లలు కార్లో పోతారు. చెప్పులు తెగిన పిల్లాడు తారు రోడ్డు మీద గెంతుతూ పోతాడు.

ఎండ అందరికీ ఒకటే కదా అంటారు కొందరు. సూర్యుడు ఒక్కడే, నీడ ఒకటి కాదు. 2015 మే నెల వడగాలులకు దేశంలో 2 వేల మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మంది మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్ళే. మధ్యాహ్నం కూడా పని మానలేని కూలీలే ముందు పోతారని ఎవరికి తెలియదు? సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఎస్సీ రిజర్వుడ్ నియోజకవర్గం. అక్కడ బంగళాల చుట్టూ మహావృక్షాలు. బస్తీలో మొక్క నాటడానికి జానెడు జాగా లేదు. ఒకప్పుడు మన నీడ తగిలితే మైల అన్నారు. ఇప్పుడు మన పిల్లలకు నీడే దక్కనివ్వట్లేదు.

ఇది కొత్త కథ కాదు. 1901 ఎండాకాలం సెలవుల్లో చిన్నారి భీమ్‌రావు అన్నతో, అక్క కొడుకులతో కలిసి కోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి బయల్దేరాడు. మసూర్ స్టేషన్లో దిగాక కులం తెలిసి బండివాళ్ళు ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి ఎలాగో బండి కుదుర్చుకున్నారు. దారిపొడుగునా గిన్నెలో తిండి ఉంది, తాగడానికి నీళ్ళు లేవు. ఆ రాత్రి పిల్లలు పస్తు పడుకున్నారు. ఈ సంగతి బాబాసాహెబే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాశారు. ఆ పిల్లలకు జాగ్రత్త తెలియక దప్పికతో పడుకోలేదు. ఊళ్ళో నీళ్ళున్నాయి, వాళ్ళకు లేవు.

2023లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో ఇల్లు కడితే వేడిని తిప్పికొట్టే కప్పు తప్పనిసరి. అంతకు తక్కువైతే మీ ఇష్టం అంది. సర్కారు కట్టే పేదల ఇళ్ళకూ తప్పనిసరి చేసింది, కాదనను. మరి ఇప్పటికే రేకుల కింద ఉన్నవాళ్ళ సంగతి? 2025 ఏప్రిల్లో వడగాలులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవాళ్ళ కుటుంబానికి 4 లక్షలు ఇస్తామన్నారు. చచ్చాక నాలుగు లక్షలు. బతికుండగా నాలుగు గజాల నీడ ఏది?

మన ఇళ్ళల్లో కూడా ఒక మాట మారాలి. "ఎండల తిరగకు బిడ్డా, నల్లగైతవ్" అంటాం. నలుపంటే భయం మనకు పైకులాలు నేర్పిన జబ్బు. నల్లబడితే ప్రాణం పోదు, ఒంట్లో నీళ్ళు అయిపోతే పోతుంది. నల్లటి ఒంటికి వడదెబ్బ తగలదన్నదీ అబద్ధమే.

అక్కలారా, అన్నలారా, ఇవి గుర్తుపెట్టుకోండి. ఆరు నెలల లోపు బిడ్డను నేరుగా ఎండలోకి తేవద్దు, తల్లిపాలు మాటిమాటికీ పట్టండి. పెద్ద పిల్లలకు దాహం అనకముందే నీళ్ళివ్వండి. ఓఆర్ఎస్ పొడిని ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళలోనే కలపండి. కూల్‌డ్రింకులు దానికి బదులు కావు. ఒళ్ళు కాలిపోతూ పిల్ల మగతగా, తిక్కతిక్కగా మాట్లాడితే అది వడదెబ్బ. జ్వరం బిళ్ళతో తగ్గదు. నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి విసురుతూ వెంటనే 108కి ఫోన్ చేయండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్ళు పోయొద్దు.

ఇవి మనం చేసుకునేవి. సర్కారు చేయాల్సినవి అడుగుదాం. బస్తీ బడులను ఎండాకాలం సాయంత్రం దాకా తెరిచి, నీళ్ళు, ఫ్యాన్లు, చూసుకునే మనుషులను పెట్టాలి. మున్సిపాలిటీ, కంటోన్మెంట్ బోర్డు తమ ఖర్చుతో ఏటా రేకుల మీద తెల్లరంగు వేయించాలి. 50 మందికి పైగా ఆడకూలీలు పనిచేసే నిర్మాణ స్థలంలో ఆరేళ్ళలోపు పిల్లలకు గది ఉండాలని 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం అప్పుడే చెప్పింది. ఎక్కడుంది ఆ గది? చూపించమందాం.

మీ గల్లీలో రేకుల ఇళ్ళెన్ని, వాటిలో చిన్నపిల్లలెందరు, లెక్క రాయండి. నీడ దానం కాదు, హక్కు. ఆ లెక్క పట్టుకునే ఆఫీసు మెట్లెక్కుదాం.

జై భీమ్.